మొహం చూసి వడ్డన

గరిటక్క అసలు పేరేమిటని ఆమె పనిచేసే మిల్లు క్యాంటీన్‌లో అడిగి చూడండి. నూటికి తొంభైమంది తెల్లమొహం వేస్తారు. హాజరు పట్టీలో ఉండే ఉంటుంది, ఎవడు చూడొచ్చాడు! పంతొమ్మిదో ఏట వడ్డన బల్ల వెనక నిలబడింది, ఇప్పుడు ముప్పై రెండు. సైరన్ మోగాక భోజనానికి నలభై అయిదు నిమిషాలు, పళ్ళేలు నాలుగు వందల పైచిలుకు. అన్నం ఒక గరిట, కూర ఒక గరిట, పక్కకి జరుగు. ఆవిడ మణికట్టు తిప్పిందంటే బల్ల మీద మెతుకు పడదు. పక్క బల్ల దగ్గర ఇద్దరు కలిసి చేసే పని తనొక్కతే చేసేసి, మిగిలిన టైములో వాళ్ళిద్దర్నీ వెక్కిరించేది కూడా.

కొత్తగా చేరినవాళ్ళకి ఆమె మొదటి పాఠం ఒకటే. "పళ్ళెం చూడు, మొహం చూడకు. మొహం చూశావో, వాడు దీనంగా 'ఇంకాస్త వెయ్యక్కా' అంటాడు. నువ్వు కరిగిపోతావు, లైను ఆగిపోతుంది, వెనకాల వందమంది నీ పుట్టుపూర్వోత్తరాలు ఎత్తి తిడతారు." పదమూడేళ్ళలో ఈ పాఠం ఒక్కసారి కూడా తప్పు కాలేదు. అందుకే దాన్ని ఇంటికి కూడా తీసుకెళ్ళింది. చేతికి అలవాటైన పనిని గేటు దగ్గర వదిలేసి రావడానికి అదేమన్నా గొడుగా?

ఇంట్లో దొరసాని ఉంది. మూడున్నరేళ్ళ కూతురు. ఆ పేరు నాయనమ్మ పెట్టింది. కూర్చోబెట్టడానికి ఒకరు, బొమ్మ పడిపోతే తీయడానికి ఒకరు, దోమ వాలితే తోలడానికి ఒకరు కావాలాయె, మరి దొరసాని కాక ఏమిటి! పుట్టేటప్పుడు ఊపిరి అందక మెదడుకి దెబ్బ తగిలింది. సెరిబ్రల్ పాల్సీ అన్నారు. అంటే బుర్ర చెప్పిన మాట ఒళ్ళు వినదు. చెయ్యి ఇటు రమ్మంటే అటు పోతుంది, మెడ నిలబడమంటే వాలిపోతుంది, నాలుక లోపలికి తొయ్యమంటే బయటికి తోస్తుంది. మాటలు రాలేదు. తెలివి మాత్రం పాదరసం. వాళ్ళ నాన్న సరుకుల వ్యాను సందు మలుపు తిరిగిందో లేదో, చప్పుడు పట్టేసి ఒళ్ళంతా ఊపేస్తుంది.

ఆ ఇంట్లో దొరసాని భోజనమంటే యుద్ధం. అత్తగారు మంచం మీద కూర్చుని, పిల్లని ఒళ్ళో వాల్చుకుని, గడ్డం పైకెత్తి పట్టుకునేది. గరిటక్క ఎదురుగా మోకాళ్ళ మీద కూర్చునేది. నోరు తెరుచుకుంటే చాలు, చెంచా లోపల. సగం బయటికొచ్చేది. వచ్చినదాన్ని చెంచా అంచుతో గీకి మళ్ళీ లోపలికే. పన్నెండు నిమిషాల్లో గిన్నె ఖాళీ! "చూశారా అత్తయ్యా, ఇవాళ పన్నెండే" అని గరిటక్క గిన్నె బోర్లించి మరీ చూపించేది. ఈలోపు పిల్ల దగ్గి దగ్గి ఎర్రబడేది. పొలమారిందిలే అని వీపు తట్టేవాళ్ళు.

గిన్నె ఖాళీ అవుతోంది కానీ పిల్ల నిండట్లేదు. ఆ ఏడు రెండుసార్లు ఊపిరితిత్తుల్లో నిమ్ము చేరి ఆస్పత్రి పాలైంది. రెండోసారి ఇంటికి పంపేటప్పుడు డాక్టరమ్మ దొరసానిని తూచి చూపించింది. తొమ్మిది కిలోల రెండొందలు.

"తిన్నదాంట్లో కొంత పొట్టలోకి కాకుండా ఊపిరితిత్తుల్లోకి పోతోందమ్మా" అంది డాక్టరమ్మ. "ఆరు వారాలు చూద్దాం. అరకిలో అన్నా పెరగాలి, దగ్గు లేకుండా మింగాలి. లేదంటే పొట్టకి చిన్న గొట్టం పెట్టి దాంట్లోంచి తిండి పంపిద్దాం. అదేం శిక్ష కాదు. దాంతో చక్కగా పెరిగిన పిల్లలు నా దగ్గర చాలామంది ఉన్నారు."

పాపం ఆవిడ మంచిగానే చెప్పింది. కానీ గరిటక్క చెవికి వినపడింది వేరు. నాలుగొందలమందికి పెట్టే చెయ్యి, కన్నకూతురికి పెట్టలేకపోయింది! రోషం పొడుచుకొచ్చింది. నిజానికి అది భయమే, కానీ ఆవిడకి భయం వేసినా పైకి రోషంలాగే కనపడుతుంది.

"ఆరు వారాలెందుకు డాక్టరుగారూ, నాలుగు చాలు నాకు."

"ఆరు తీసుకోండి" అని నవ్వి, డాక్టరమ్మ ఇలాంటి పిల్లలకి మింగడం నేర్పే ఒక థెరపిస్టుని ఇంటికి పంపింది.

ఈ థెరపీ మేడం ఎంత నెమ్మదస్తురాలంటే, చెప్పులు విప్పడానికే రెండు నిమిషాలు పట్టింది. గరిటక్కకి చూడగానే ఒళ్ళు మండింది. మా క్యాంటీన్‌లో అయితే ఈవిణ్ణి గంటలో ఇంటికి పంపేద్దురు అనుకుంది. మేడం సలహాలేం చెప్పలేదు. "రోజూ ఎలా పెడతారో అలాగే పెట్టండమ్మా" అని ఫోనుని అలమారలో నీళ్ళ సీసాకి ఆనించి వీడియో తీసింది. గరిటక్క ఆ రోజు పదకొండు నిమిషాల్లో ముగించేసింది, పైవాళ్ళు చూస్తున్నారు కదా మరి.

"మొదటి నాలుగు నిమిషాలు, శబ్దం తీసేసి చూద్దాం" అంది మేడం.

శబ్దం తీసేస్తే మనిషి ఎంత వింతగా ఉంటాడండీ! తెర మీద గరిటక్క నోరు ఆడుతూనే ఉంది, కబుర్లు, పాటలు, బెదిరింపులు, అన్నీ మూగగా. చెయ్యి చకచకా పోతోంది. "మీ కళ్ళు ఎక్కడున్నాయో చూడండి" అంది మేడం. చెంచా, గిన్నె, నోరు. గిన్నె, చెంచా, నోరు. "ఇప్పుడు పాప కళ్ళు చూడండి." గడ్డం పట్టేసి ఉన్నా సరే, దొరసాని కళ్ళు కష్టపడి కష్టపడి అమ్మ మొహం మీదికి వస్తున్నాయి. వచ్చి ఆగుతున్నాయి. మళ్ళీ వస్తున్నాయి. నాలుగు నిమిషాల్లో పదకొండుసార్లు ఆ పిల్ల తల్లి మొహంలోకి చూసింది. తల్లి ఒక్కసారంటే ఒక్కసారి చూడలేదు. మధ్యలో ఒకచోట, నోట్లోది ఇంకా మింగకముందే, దొరసాని కళ్ళు తిప్పేసుకుని గోడ వైపు చూసింది. చెంచా వదలకుండా తరుముకుంటూ వెళ్ళింది. దగ్గు అప్పుడే మొదలైంది.

"ఈ వీడియో సరిగ్గా రాలేదు" అంది గరిటక్క.

మళ్ళీ వేయించుకుని చూసింది. మూడోసారికి ఫోను ఆవిడ చేతిలోనే ఉంది. అడగందే అమ్మైనా పెట్టదంటారు. ఈ పిల్ల పదకొండుసార్లు అడిగింది, అమ్మకే వినే తీరిక లేకపోయింది. సిగ్గుతో చచ్చిపోయింది గరిటక్క. ఏడవడం ఆవిడకి చేతకాదు కాబట్టి, మోచేత్తో మొహం గట్టిగా రుద్దుకుంది.

"అయితే మేడం, ఇది ఇన్నాళ్ళూ నాతో మాట్లాడుతూనే ఉందా?"

"ఇన్నాళ్ళ సంగతి నాకు తెలీదమ్మా. ఇవాళ మాత్రం మాట్లాడింది."

"సరే. చూడ్డమేగా? చూస్తా. నేను పట్టు పట్టానంటే చూడ్డంలో కూడా నన్ను మించినవాళ్ళుండరు."

పద్ధతి చాలా చిన్నది. పిల్లని ఒళ్ళో వాల్చకూడదు, కుర్చీలో నిటారుగా కూర్చోబెట్టి, రెండు పక్కలా దిండ్లు సర్ది, కాళ్ళ కింద పీట వెయ్యాలి. గడ్డం కాస్త కిందికి ఉండాలి. తల్లి ఎదురుగా, పిల్ల కళ్ళ ఎత్తుకి కూర్చోవాలి. చెంచా చూపించి, ఆగాలి. కళ్ళెత్తి మొహంలోకి చూస్తే పెట్టమని. గోడ వైపు చూస్తే వద్దని, లేదా ఇంకాసేపు ఆగమని. మింగిందాకా రెండోది చూపించకూడదు. అంతే.

ఆ 'ఆగాలి' ఉంది చూశారూ, అక్కడే ప్రాణం పోయింది గరిటక్కకి! చెయ్యి దానంతటదే పోతుంది. ఎడంచేత్తో కుడిచేతి మణికట్టు పట్టుకుని కూర్చుంది, దొంగని పట్టుకున్నట్టు. మొదటి రోజు నలభై నిమిషాలకి ఏడు చెంచాలు. దొరసాని కూడా నమ్మలేదు, చెంచా ఆగితే ఏమైందా అన్నట్టు చూసింది. ఆ చూపు తన చూపుకి తగిలినప్పుడు మాత్రం గరిటక్క చెంచా సంగతే మర్చిపోయింది. ఈ పిల్లకి ఎడమ కనుబొమ్మలో చిన్న సుడి ఉందని ఆ రోజే చూసింది. కన్నతల్లి, మూడున్నరేళ్ళకి!

ఇక క్యాంటీన్ గొడవ వినండి. ఇంట్లో చూడ్డం అలవాటయ్యేసరికి, అక్కడా తల ఎత్తి చూడ్డం మొదలెట్టింది. ఒక ఫిట్టరు పళ్ళెం పట్టుకుని బిక్కచచ్చిపోయాడు. "ఏంటక్కా అలా చూస్తున్నావ్? నా మొహానికి గ్రీజేమన్నా అంటుకుందా?" అని. "లేదు నాయనా, పన్నెండేళ్ళుగా పెడుతున్నా కదా, నీకు మీసం ఉందని ఇవాళే తెలిసింది" అంది గరిటక్క. లైను నాలుగు నిమిషాలు ఆలస్యమైంది. సూపర్‌వైజరు గొణిగాడు. "గొణుక్కోండి సార్, రేపటికి సర్దుకుంటా" అంది. సర్దుకుంది కూడా. మొహమూ పళ్ళెమూ రెండూ చూస్తూ వడ్డించడం వారంలో పట్టేసింది. ఆవిడ మామూలు మనిషా!

అత్తగారు మాత్రం ససేమిరా అంది. "ఏమే అమ్మాయ్, చెంచా నోటి దాకా తెచ్చి ఆపుతావా? పగవాళ్ళక్కూడా చెయ్యకూడదే అలా. గిన్నెలో ముప్పావు వంతు మిగిలిపోయింది, నా కడుపు తరుక్కుపోతోంది." ఆవిడ మాటకి బలం కూడా దొరికింది. రెండో వారం చివర తూచితే తొమ్మిది కిలోల వంద. ఉన్నదాంట్లోంచి వంద గ్రాములు పోయాయి. నేనే పొరపాటు పడ్డానా, పద్ధతి పద్ధతి అంటూ పిల్లని మాడ్చేస్తున్నానా అని ఆ రోజంతా గరిటక్క మనసు పీకుతూనే ఉంది.

"తగ్గడం మొదట్లో ఉంటుందమ్మా. పూటకి తక్కువ తింటోంది కాబట్టి పూటలు పెంచండి, రోజుకి ఆరు చెయ్యండి. ఉడికించిన గుడ్డు, వెన్న కలిపి మెదపండి" అంది మేడం. ఆరు పూటలంటే మధ్యాహ్నంవి రెండు అత్తగారి చేతిలో పడ్డాయి.

మూడు రోజుల తర్వాత గరిటక్క పని నుంచి వచ్చేసరికి దొరసాని దగ్గుతోంది, ఒంటి నిండా కక్కుకుంది. గిన్నె మాత్రం తళతళా ఖాళీ. అత్తగారు గుడ్డతో తుడుస్తూ కోడలి వైపు చూడట్లేదు. ఏం జరిగిందో అడగక్కర్లేకపోయింది. ఒళ్ళో వాల్చి, గడ్డం పైకెత్తి, పాత పద్ధతిలో మొత్తం కుక్కేసింది.

"ఆకలితో ఉందనిపించిందే" అంది ముసలావిడ గుడ్డ పిండుతూ. "చూస్తూ ఊరుకోలేకపోయాను."

ఇంకో ఇల్లయితే ఆ సాయంత్రం ఇంటి కప్పు ఎగిరిపోయేది. గరిటక్క పిల్లని కడిగి, బట్టలు మార్చి, ఊపిరి నెమ్మదించిందాకా భుజాన వేసుకుంది. తర్వాత దాన్ని కుర్చీలో కూర్చోబెట్టి, ఒక గిన్నెలో మెత్తటి అన్నం కలిపి తెచ్చింది.

"అత్తయ్యా, ఇలా మంచం మీద వెనక్కి వాలండి."

"నాకెందుకే?"

"వాలండి చెబుతా. గడ్డం పైకెత్తండి. చేతులు కదపకూడదు. మాట్లాడకూడదు."

ముసలావిడ నవ్వుతూనే వాలింది. గరిటక్క మొదటి చెంచా పెట్టింది. ఆ వెంటనే రెండోది. నమలకముందే మూడోది, పెదాల మీదికి జారినదాన్ని గీకి మళ్ళీ లోపలికి. అత్తగారి కళ్ళు పెద్దవయ్యాయి. చెయ్యెత్తబోతే "ఊఁ, కదపకూడదు" అంది కోడలు. ఆవిడ గబగబా తల పక్కకి తిప్పి గోడ వైపు చూసింది. నాలుగో చెంచా తరుముకుంటూ వెళ్ళింది. అంతే, మెతుకు గొంతుకి అడ్డంపడి, ముసలావిడ ఒక్క ఉదుటున లేచి కూర్చుని దగ్గు, దగ్గు, కళ్ళమ్మట నీళ్ళు. గరిటక్క వీపు నిమిరి మంచినీళ్ళిచ్చింది. చెప్పొద్దూ, పెద్దావిడతో అలా చేసినందుకు మనసులోనే చెంపలేసుకుంది.

కుర్చీలో దొరసాని ఇదంతా కళ్ళార్పకుండా చూస్తోంది. ముసలావిడ లేచి వెళ్ళి దాని ముందు కూలబడింది.

"రోజూ ఇదేనటే నీకు?" అని మనవరాలి పాదాలు పట్టుకుని ఏడ్చింది. "నోరు లేదనుకుని ఎంత పని చేశానే తల్లీ."

ఆ మర్నాటి నుంచీ అత్తగారి చాదస్తం ఎటు తిరిగిందంటే, కోడలే తట్టుకోలేకపోయింది. దొరసాని భోజనం దగ్గర ఎవరూ గిన్నె చప్పుడు చెయ్యకూడదు. కొడుకు పొరపాటున సెల్లులో మాట్లాడితే "ష్! అది ఆలోచించుకుంటోంది" అని బయటికి తోలేది. పక్కింటావిడ వచ్చి "ఇంకా రెండు ముద్దలు పెట్టకపోయారా" అంటే, "మీ ఇంట్లో పెట్టుకోండి" అనేసింది. మధ్యాహ్నం పూటలు ఆవిడవే. గంట పట్టినా, గంటంబావు పట్టినా సరే, కుర్చీకి ఎదురుగా కూర్చుని కళ్ళలోకి చూస్తూ ఉండేది. నాలుగో వారానికి దగ్గు దాదాపు పోయింది. అయిదో వారంలో ఒకరోజు దొరసాని గోడ వైపు చూసి, నాయనమ్మ చెంచా దించగానే వెంటనే మొహంలోకి చూసి, ఎత్తగానే మళ్ళీ గోడ వైపు చూసి, ఇలా నాలుగుసార్లు ఆడించి కిలకిలా నవ్వింది. "ఇది నన్ను ఆటపట్టిస్తోందే!" అని ముసలావిడ వీధంతా చెప్పుకొచ్చింది.

ఆరు వారాలు నిండాయి. ముగ్గురూ ఆస్పత్రికెళ్ళారు. దొరసానిని కాటా మీద పెట్టారు. అంకెలు అటూ ఇటూ ఊగి ఆగాయి. తొమ్మిది కిలోల అయిదొందల యాభై.

అరకిలోకి నూట యాభై తక్కువ.

అత్తగారు గోడకి ఆనుకుంది. డాక్టరమ్మ కాగితాలు తిరగేసి, "మింగడం కూడా చూడాలి. తిండి తెచ్చారా? ఒక్క చెంచా పెట్టి చూపించండి" అంది. బయట వరండాలో ఇరవైమంది కాచుక్కూర్చున్నారు.

గరిటక్క పిల్లని కుర్చీలో సర్ది, ఎదురుగా కూర్చుని చెంచా చూపించింది. దొరసాని గదినంతా చూసింది, తెల్లకోటు చూసింది, మెల్లిగా గోడ వైపు తిరిగిపోయింది.

"పెట్టండమ్మా, ఒక్క చెంచా మింగితే చాలు."

పిల్ల నోరు ఎప్పటిలాగే సగం తెరిచి ఉంది. మణికట్టు ఒక్క తిప్పు తిప్పితే పనైపోతుంది. అంత ఒడుపుగా పెట్టగలిగిన చెయ్యి ఆ ఆస్పత్రి మొత్తంలో ఇంకొకటి లేదు, ఆ సంగతి గరిటక్కకి తెలుసు. ఈ ఒక్కటి పెట్టేస్తే గొట్టం తప్పుతుందేమో. చెయ్యి కదిలింది కూడా. పిల్ల మొహం చూసింది. చెంచా తీసి గిన్నెలో పెట్టేసింది.

"వద్దంటోంది డాక్టరుగారూ."

"ఇలా ఇవ్వండి, నేను పెడతా" అని డాక్టరమ్మ గిన్నె కోసం చెయ్యి చాపింది.

"ఆగండాగండి!" అత్తగారు గోడ వదిలి ముందుకొచ్చేసింది. "మీరెంత చదువుకున్నా సరే, అది వద్దంటే వద్దనే. అటు చూస్తోంది, కనపడట్లా? కాసేపు కూర్చోండమ్మా, మీరు నిలబడితే దానికి బెరుకు."

డాక్టరమ్మ ముసలావిడని చూసింది, పిల్లని చూసింది, స్టూలు లాక్కుని కూర్చుంది. నిమిషం గడిచింది. ఇంకో అర నిమిషం. దొరసాని కళ్ళు గోడ మీంచి ఫ్యాను మీదికి, ఫ్యాను మీంచి డాక్టరమ్మ కళ్ళజోడు మీదికి వచ్చి, అక్కడ కాస్త ఆగి, చివరికి అమ్మ మొహంలోకి వచ్చాయి. గరిటక్క చెంచా ఎత్తింది. పిల్ల తీసుకుంది. నెమ్మదిగా, గడ్డం ఆడిస్తూ, మింగేసింది. దగ్గు లేదు. మళ్ళీ అమ్మని చూసింది. అయిదు చెంచాలు తిన్నాక గోడ వైపు తిరిగింది. గరిటక్క మూత పెట్టేసింది.

డాక్టరమ్మ స్టెతస్కోపుతో మెడా ఛాతీ వింది, చాలాసేపు.

"శుభ్రంగా ఉంది" అంది. "అరకిలో రాలేదు గానీ, ఇంకో రెండు నెలలు గొట్టం మాట పక్కన పెడదాం. అప్పటికీ బరువు చాలకపోతే మాత్రం పెట్టాల్సిందే, ముందే చెబుతున్నా."

"అవసరమైతే పెట్టించుకుంటాం డాక్టరుగారూ, నాకేం భయం లేదు" అంది గరిటక్క, ఈసారి అది రోషమూ కాదు, భయమూ కాదు. "దీని పొట్ట నిండటమే నాక్కావాలి. పెట్టేముందు దీనికో మాట చెప్పి పెట్టండి, అంతే."

డాక్టరమ్మ రాస్తున్న కలం ఆపింది. మూడున్నరేళ్ళుగా ఆ గదిలో అందరూ తల్లినే అడిగారు, నాయనమ్మనే అడిగారు. ఆవిడ స్టూలు ముందుకి జరుపుకుని, వంగి, దొరసాని కళ్ళ ఎత్తుకి వచ్చింది.

"రెండు నెలల తర్వాత మళ్ళీ నా దగ్గరికొస్తావా?"

అడిగి, ఆగింది. బయట ఎవరో తలుపు తట్టారు. ఆవిడ తల తిప్పలేదు. దొరసాని ఆ కళ్ళజోడులోకి తేరిపార చూసింది. చూసి, చూసి, తాపీగా మెడ తిప్పుకుని గోడ వైపు చూసింది.

"రానంటోంది డాక్టరుగారూ" అంది గరిటక్క, గర్వం పట్టలేక.